‘వల్ల’ తీసేసి ‘అసోసియేటెడ్’ అని పెడితే సరిపోతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. మెడిసిన్ పీజీ థీసిస్ కోసం ఓపీకి వచ్చిన 200 మంది టైప్ 2 షుగర్ పేషెంట్లకి విటమిన్ డి, హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే రక్తపరీక్ష) ఒకే రోజు చూశారు. విటమిన్ డి తక్కువ ఉన్నవాళ్లలో షుగర్ అదుపులో లేనివాళ్లు ఎక్కువగా తేలారు. ‘విటమిన్ డి లోపం వల్ల షుగర్ అదుపు తప్పుతోంది, కాబట్టి షుగర్ పేషెంట్లందరికీ సప్లిమెంట్ ఇవ్వాలి’ అని కన్‌క్లూజన్ రాశారు. ‘కాజల్ లాంగ్వేజ్ (ఒకటి ఇంకొకదానికి కారణమని చెప్పే మాటలు) తీసేయండి’ అని రివ్యూయర్ పేపర్ తిప్పి పంపారు. ‘వల్ల’ ఉన్న చోటల్లా ‘అసోసియేటెడ్’ (సంబంధం ఉంది) అని మార్చేస్తే పని అయిపోతుందా అన్నది సందేహం.

అయిపోదు. మొదటి సగంలో క్రియ మార్చినా రెండో సగంలో ‘సప్లిమెంట్ ఇవ్వాలి’ అన్న మాట అలాగే ఉంది. విటమిన్ డి పెంచితే షుగర్ తగ్గుతుందని నమ్మితేనే ఆ సలహా ఇవ్వగలం. అంటే కారణం అన్న వాదన క్రియలో కన్నా సిఫార్సులో గట్టిగా కూర్చుని ఉంది. చాలా పేపర్లలో రిజల్ట్స్ అంతా ‘అసోసియేషన్’ అని జాగ్రత్తగా రాసి, చివరి పేరాలో మందు రాసేస్తారు. రివ్యూయర్లు ముందుగా చూసేది ఆ చివరి పేరానే. కాబట్టి పదాలు మార్చే ముందు, మీ దగ్గరున్న డేటా ఎంత మాట మోయగలదో లెక్క తేల్చుకోవాలి. క్రియలు దాన్నిబట్టి వాటంతటవే కుదురుతాయి.

లెక్క సులువుగా ఉండటానికి అంకెలు ఇలా అనుకుందాం. విటమిన్ డి మిల్లీలీటరు రక్తానికి 20 నానోగ్రాముల కన్నా తక్కువ ఉన్నవాళ్లు 120 మంది, వాళ్లలో హెచ్‌బీఏ1సీ 7 శాతం దాటినవాళ్లు 84 మంది, అంటే 70 శాతం. 20 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లు 80 మంది, వాళ్లలో అదుపు తప్పినవాళ్లు 40 మంది, అంటే 50 శాతం. కై స్క్వేర్ పరీక్ష చేస్తే పీ విలువ (అసలు సంబంధమే లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా రాగల అవకాశం) సుమారు 0.004 వస్తుంది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇప్పుడు ఇదే 200 మందిని బీఎంఐ 25 దగ్గర రెండుగా విడదీయండి. తక్కువ విటమిన్ డి ఉన్న 120 మందిలో 90 మంది లావుగా ఉన్నవాళ్లు, 30 మంది కాదు. సరిపడా ఉన్న 80 మందిలో లావుగా ఉన్నవాళ్లు 20 మందే, మిగతా 60 మంది కాదు. లావుగా ఉన్నవాళ్లలో అదుపు తప్పింది తక్కువ డి గుంపులో 90కి 72, సరిపడా డి గుంపులో 20కి 16. రెండూ 80 శాతమే. లావు లేనివాళ్లలో 30కి 12, 60కి 24. రెండూ 40 శాతమే. కూడి చూసుకోండి, 72, 12 కలిపితే 84, 16, 24 కలిపితే 40. పైన ఉన్న మొత్తాలు ఒక్కటి కూడా మారలేదు, పీ విలువ 0.004 ఎక్కడికీ పోలేదు. కానీ ఒకే రకం ఒళ్లు ఉన్నవాళ్లని పోలిస్తే విటమిన్ డికీ షుగర్‌కీ ఏ సంబంధమూ మిగల్లేదు. కొవ్వు విటమిన్ డిని తనలో దాచుకుంటుంది కాబట్టి లావుగా ఉన్నవాళ్ల రక్తంలో అది తక్కువ కనిపిస్తుంది. లావు వల్ల ఇన్సులిన్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఒకే చెట్టుకి రెండు కొమ్మలు.

ఈ అంకెలు పూర్తిగా కుదిరేలా వేసుకున్నవి. మీ డేటాలో తేడా పూర్తిగా మాయమవకపోవచ్చు, కొంత తగ్గి ఆగవచ్చు. అయినా మీ మాస్టర్ షీట్ తెరిచి ఈ పని చేత్తో ఒక్కసారి చేయండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే అడ్జస్టెడ్ విలువ (మిగతా అంశాల ప్రభావాన్ని లెక్కలో తీసేశాక మిగిలేది) కన్నా ఈ నాలుగు గళ్ల పట్టికలు ఎక్కువ నేర్పుతాయి. నిజం పేపర్లలో ఇలాంటిది ఎలా ఉంటుందో చూడాలంటే 1986లో బ్రిటన్‌లో అచ్చైన కిడ్నీ రాళ్ల పోలిక ఉంది. ఓపెన్ సర్జరీ 350కి 273 మందిలో ఫలించింది, 78 శాతం. చిన్న రంధ్రం ద్వారా రాయి తీసే పద్ధతి 350కి 289 మందిలో ఫలించింది, 83 శాతం. కొత్త పద్ధతే మేలని అనిపిస్తుంది. రాయి సైజు ప్రకారం విడదీస్తే చిన్న రాళ్లలో ఓపెన్ 93 శాతం, కొత్తది 87 శాతం. పెద్ద రాళ్లలో ఓపెన్ 73, కొత్తది 69. రెండు చోట్లా ఓపెన్ సర్జరీదే పైచేయి. కష్టమైన పెద్ద రాళ్ల కేసులు ఎక్కువగా ఓపెన్ సర్జరీకి వెళ్లాయి కాబట్టి మొత్తం మీద అది ఓడినట్టు కనబడింది. పాత కేస్ షీట్లు తీసి రెండు చికిత్సల్ని పోల్చే థీసిస్‌లన్నిటికీ ఈ ప్రమాదం ఉంటుంది. డాక్టర్ ఏ మందు ఎవరికి రాశారన్నదే జబ్బు తీవ్రతని మోసుకొస్తుంది.

ఇక మీ స్టడీకే ప్రత్యేకమైన చిక్కులు. వీటిని డిస్కషన్‌లో పేరు పేరునా రాయాలి. ‘ఇది క్రాస్ సెక్షనల్ స్టడీ (అన్నీ ఒకే సమయంలో కొలిచే స్టడీ) కాబట్టి కారణం చెప్పలేం’ అన్న ఒక్క వాక్యం అందరూ అతికించేదే. అది చదివి ఎవరికీ ఏమీ తెలియదు.

ముందువెనకల సంగతి మొదట చూడండి. రెండు శాంపిల్స్ ఒకే రోజు తీశారు. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల షుగర్‌ని చెబుతుంది. రక్తంలో కొలిచే 25 హైడ్రాక్సీ విటమిన్ డి హాఫ్ లైఫ్, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, రెండు మూడు వారాలు. అంటే మీరు ఫలితం అనుకున్నది చాలావరకు పాత కాలానిది, కారణం అనుకున్నది దాని తర్వాతి కాలానిది. సంబంధం తిరగబడి ఉండటానికి కూడా దారులున్నాయి. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పినవాళ్లకి నీరసం, కాళ్ల మంటలు, మానని పుండు, చూపు మందగించడం ఉంటాయి. వాళ్లు బయట ఎండలో తిరగరు. మూత్రంలో ప్రోటీన్ పోతుంటే విటమిన్ డిని మోసే ప్రోటీన్ కూడా దాంతోపాటే పోతుంది. రెండు సందర్భాల్లోనూ షుగరే ముందు, విటమిన్ డి తగ్గడం తర్వాత. యూరిన్ ఆల్బుమిన్ చూశారా లేదా అన్నది అందుకే ముఖ్యం.

కొలతలో వచ్చే తప్పు ఇంకొకటి. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే షుగర్ అంతే ఉన్నా హెచ్‌బీఏ1సీ పైకి కనబడుతుంది. మన ప్రాంతంలో ఆడవాళ్లలో ఈ రక్తహీనత మామూలు విషయం. ఇంట్లోనే ఉంటూ, ఎండ తగలక, తిండి సరిగా లేని మనిషికి విటమిన్ డి తక్కువగానూ, హెచ్‌బీఏ1సీ ఎక్కువగానూ రావడానికి నిజమైన షుగర్ తేడా ఏమీ అక్కర్లేదు. హిమోగ్లోబిన్ ఎలాగూ చేసే ఉంటారు, దాన్ని ఎనాలిసిస్‌లోకి తీసుకోండి. ఫాస్టింగ్, తిన్న తర్వాతి షుగర్ విలువలతో కూడా అదే సంబంధం వస్తుందో లేదో చూసి రాయండి. శాంపిల్ ఏ నెలలో తీశారో కూడా చూడాలి. వానాకాలంలో, చలికాలంలో తీసిన శాంపిళ్లని వేసవివాటితో కలిపేస్తే విటమిన్ డి తేడాలో కొంత భాగం క్యాలెండర్‌దే అవుతుంది.

ఎంపిక గురించి ఒక్క మాట. విటమిన్ డి పరీక్ష ఖరీదైనది. స్టడీ కోసం వరసగా వచ్చిన ప్రతి ఒక్కరికీ చేశారా, లేక ఒళ్లు నొప్పులని వచ్చినవాళ్లకి రాసిన రిపోర్టులు ఏరుకున్నారా? రెండోదైతే పరీక్ష రాయడానికి దారితీసిన కారణాలే సంబంధాన్ని పుట్టించగలవు. మెథడ్స్‌లో ‘కన్వీనియెన్స్ శాంప్లింగ్’ (అందుబాటులో ఉన్నవాళ్లని తీసుకోవడం) అని రాసి వదిలేయకుండా ఎంతమంది వచ్చారు, ఎంతమందిని అడిగారు, ఎంతమంది ఒప్పుకున్నారు, ఎవరిని ఎందుకు తీసేశారు అని వరసగా చెప్పండి.

అన్నిటికన్నా మొండిది ఇంకొకటుంది. వారానికి ఒకటి చొప్పున 60 వేల యూనిట్ల సాచెట్ వేసుకునేవాళ్లు మీ 200 మందిలో ఎంతో కొంత మంది ఉంటారు. వాళ్ల విటమిన్ డి బాగుంటుంది. చెప్పిన సాచెట్ క్రమం తప్పకుండా వేసుకునే మనిషి మెట్‌ఫార్మిన్ కూడా క్రమం తప్పకుండా వేసుకుంటాడు, నడుస్తాడు, చెకప్‌కి వస్తాడు. ఇది ఎంత బలమైన ప్రభావమో అమెరికాలో గుండెపోటు వచ్చినవాళ్ల మీద జరిగిన మందుల ట్రయల్, కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్, చూపించింది. 1980లో వచ్చిన ఆ పేపర్‌లో ప్లాసిబో గుంపుని చూడండి. ఏ మందూ లేని ఆ మాత్రలని 80 శాతానికి తగ్గకుండా వేసుకున్నవాళ్లలో ఐదేళ్లలో చనిపోయింది దాదాపు 15 శాతం. సరిగా వేసుకోనివాళ్లలో 28 శాతం. మందు లేని మాత్ర ప్రాణాలు కాపాడదు. మాత్ర వేసుకునే మనిషి వేరే మనిషి, అంతే. దాదాపు 40 అంశాలకు అడ్జస్ట్ చేశాక కూడా తేడా 16.4కీ 25.8కీ మధ్య మిగిలింది. ‘మల్టీవేరియేట్ (చాలా అంశాల్ని కలిపి చేసే లెక్క) చేశాం కదా సార్’ అనేవాళ్లంతా గోడమీద రాసి పెట్టుకోవలసిన అంకెలివి.

దీనికి మనం కట్టిన మూల్యం కూడా చిన్నది కాదు. మెనోపాజ్ తర్వాత హార్మోన్లు వాడే ఆడవాళ్లలో గుండె జబ్బులు సుమారు సగానికి తక్కువని అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద పరిశీలన 1991లో చెప్పింది. అడ్జస్ట్‌మెంట్లన్నీ చేశారు. ఆ పేపర్లని నమ్మి ఎంతోమందికి గుండె కోసమే హార్మోన్లు రాశారు. 2002లో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్ ఫలితం వచ్చింది. 16,608 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి చూస్తే, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్లలో గుండె జబ్బులు 29 శాతం ఎక్కువ. పదివేల మందిని ఏడాదిపాటు చూస్తే ప్లాసిబోలో 30, హార్మోన్లతో 37. బ్రెస్ట్ క్యాన్సర్ కూడా పెరగడంతో ట్రయల్‌ని ముందే ఆపేశారు. హార్మోన్లు వాడినవాళ్లు మొదటినుంచీ ఆరోగ్యం మీద శ్రద్ధ, స్తోమత ఉన్నవాళ్లు కావడం ఒక కారణం. రెండోది, పరిశీలనలో ఎక్కువగా అప్పటికే కొంతకాలంగా వాడుతున్నవాళ్లని లెక్కించడం. మొదలుపెట్టిన మొదటి ఏడాదిలోనే గుండెపోటు వచ్చినవాళ్లు ఆ లెక్కలో సరిగా పడలేదు. తర్వాత అదే నర్సుల డేటాని, హార్మోన్లు మొదలుపెట్టిన రోజు నుంచి ట్రయల్‌లాగా లెక్కిస్తే ఫలితం ట్రయల్‌కి బాగా దగ్గరగా వచ్చింది. అంటే పరిశీలన పనికిరాదని కాదు. ఎవరిని, ఏ రోజు నుంచి లెక్కపెట్టామన్నది కొన్నిసార్లు అడ్జస్ట్‌మెంట్ కన్నా పెద్ద విషయం.

మీ అంశం మీదే ట్రయల్ ఉంది, దాన్ని డిస్కషన్‌లో తప్పక చర్చించాలి. 2019లో వచ్చిన డీటూడీ ట్రయల్‌లో ప్రీడయాబెటిస్ (షుగర్ వ్యాధికి ముందు దశ) ఉన్న 2,423 మందిలో కొందరికి రోజుకి 4,000 యూనిట్ల విటమిన్ డి, మిగతావాళ్లకి ప్లాసిబో ఇచ్చి రెండున్నరేళ్లు చూశారు. షుగర్ వ్యాధి వచ్చింది విటమిన్ డి గుంపులో 293 మందికి, ప్లాసిబోలో 323 మందికి. హజార్డ్ రేషియో (రెండు గుంపుల్లో జబ్బు వచ్చే వేగాల నిష్పత్తి) 0.88, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు) 0.75 నుంచి 1.04. తేడా లేదని చెప్పే ఒకటి ఆ హద్దుల్లోనే ఉంది. ఒంటరిగా ఆ ట్రయల్ ఏదీ తేల్చలేదు. అలాంటి మూడు ట్రయల్స్ కలిపి 2023లో చూస్తే 15 శాతం తగ్గుదల కనిపించింది. ఇది ప్రీడయాబెటిస్‌లో షుగర్ రాకుండా ఆపడం గురించి. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తగ్గించడం వేరే ప్రశ్న. అయినా ఒక అంచనా అందుతుంది. ప్రభావం ఉంటే అది చిన్నది. మీ 70కీ 50కీ మధ్య ఉన్న 20 శాతం తేడాని విటమిన్ డి ఒక్కటే తెచ్చిందంటే నమ్మడం కష్టం.

రిగ్రెషన్, అంటే చాలా అంశాలకు ఒకేసారి అడ్జస్ట్ చేసే లెక్క, దాని దగ్గర జరిగే తప్పులు చూద్దాం, ఇవి రివ్యూయర్లు పట్టుకునేవి.

ఏ అంశాలు మోడల్‌లో పెట్టాలో పీ విలువ చూసి నిర్ణయించకండి. యూనివేరియేట్‌లో (ఒక్కో అంశాన్ని విడిగా చూసినప్పుడు) 0.05 లోపు వచ్చినవన్నీ ఎత్తి మల్టీవేరియేట్‌లో పోయడం మన థీసిస్‌లలో ఆచారమైపోయింది, అది తప్పు ఆచారం. డేటా ముట్టుకోకముందే కాగితం మీద బాణాలతో బొమ్మ వేయండి. విటమిన్ డికీ షుగర్‌కీ రెండింటికీ ముందే ఉండి రెండింటినీ కదిలించేవి, అంటే వయసు, ఆడా మగా, బీఎంఐ, బయటి పని, నెల, షుగర్ వచ్చి ఎన్నేళ్లైంది, ఇవి ఉండాలి. విటమిన్ డి ఏ దారిలో పనిచేస్తుందనుకుంటున్నారో ఆ దారిలో మధ్యలో వచ్చేవి ఉండకూడదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్ తగ్గించి షుగర్ తగ్గిస్తుందన్నది మీ ఊహ అయితే, ఇన్సులిన్ రెసిస్టెన్స్ సూచీని మోడల్‌లో పెడితే మీరు కొలవాలనుకున్నదాన్నే చెరిపేసినట్టు. ఎన్ని పెట్టవచ్చన్నదానికి మోటు లెక్క, రెండు ఫలితాల్లో తక్కువ ఉన్నవైపు ప్రతి పదిమందికి ఒక అంశం. మన ఉదాహరణలో అదుపులో ఉన్నవాళ్లు 76 మంది, కాబట్టి ఏడు దాటవద్దు.

ఆ మోడల్‌లో మిగతా అంశాలకి వచ్చిన ఆడ్స్ రేషియోలని కూడా కారణాల్లాగా చర్చించడం ఇంకో పొరపాటు. ఆ మోడల్ విటమిన్ డి ప్రశ్న కోసం కట్టింది. చదువు, ఆదాయం వగైరాలకి సరైన అడ్జస్ట్‌మెంట్ అందులో లేదు.

ఆడ్స్ రేషియో గురించి తప్పక చెప్పాలి. ఆడ్స్ అంటే అదుపు తప్పినవాళ్లని తప్పనివాళ్లతో భాగిస్తే వచ్చేది, రెండు గుంపుల ఆడ్స్‌ని భాగిస్తే ఆడ్స్ రేషియో. 84 బై 36ని 40 బై 40తో భాగిస్తే 2.33 వస్తుంది. ‘ముప్పు రెండింతలకు పైగా’ అని రాసేస్తారు. 70ని 50తో భాగించండి, 1.4. ఫలితం ఇంత సాధారణంగా ఉన్నప్పుడు, ఇక్కడ 200లో 124 మందికి ఉంది, ఆడ్స్ రేషియో సంబంధాన్ని ఉబ్బించి చూపుతుంది. ప్రివలెన్స్ రేషియో, అంటే రెండు గుంపుల శాతాల నిష్పత్తి, ఇవ్వండి. లాగ్ బైనోమియల్ మోడల్ కుదరకపోతే రోబస్ట్ ఎర్రర్స్‌తో పాయిజాన్ రిగ్రెషన్ వాడండి, మామూలు ప్యాకేజీలన్నిటిలో ఉంది. మన అంకెలకి ప్రివలెన్స్ రేషియో 1.40, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 1.09 నుంచి 1.79. క్రాస్ సెక్షనల్ స్టడీలో ‘రిస్క్’ అన్న మాటే వాడకూడదు. రిస్క్ అంటే కొత్తగా వచ్చే అవకాశం. మీరు కొత్తగా రావడం చూడలేదు, ఉన్నదాన్ని లెక్కపెట్టారు.

కొలవని అంశం ఏదైనా ఈ సంబంధాన్ని చెరపాలంటే ఎంత బలంగా ఉండాలో ‘E-వాల్యూ’ అనే లెక్క చెబుతుంది. రేషియోని, రేషియోనుంచి ఒకటి తీసేసి వచ్చిన దానితో గుణించి, వర్గమూలం తీసి, మళ్లీ రేషియోకి కలపాలి. 1.4కి అది 2.15. ఇంటర్వెల్ కింది అంచు 1.09కి 1.40 మాత్రమే. అంటే విటమిన్ డితోనూ షుగర్ అదుపుతోనూ 1.4 రెట్ల చొప్పున సంబంధం ఉన్న అంశం ఒక్కటి వదిలేసినా మీ ఇంటర్వెల్ ఒకటిని తాకవచ్చు. రోజూ నడిచే అలవాటు ఒక్కటి చాలు. ఈ లెక్క లిమిటేషన్స్‌లో రెండు వాక్యాలుగా రాస్తే, మీ రివ్యూయర్‌కి పది ‘మే బీ’ల కన్నా ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

ట్రయల్ లేకుండా కారణం అనే మాట ఎప్పుడూ రాయకూడదా అంటే, రాయవచ్చు. కానీ ఒక్క స్టడీతో కాదు. ఫ్లోరోసిస్ సంగతి చూడండి. జబ్బు వస్తుందేమో చూడటానికి ఎవరికీ ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఇచ్చి ట్రయల్ చేయలేదు. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊళ్లో నీటి వనరు మార్చాక పుట్టిన పిల్లలకు పళ్ల మచ్చలు ఆగాయి. పళ్లు ఏర్పడే వయసు దాటాక ఊరికి వచ్చినవాళ్లకు మచ్చలు రావు, అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు వస్తాయి. 1931లో ఆ నీళ్లలో ఫ్లోరైడ్ బయటపడింది. 1937లో మద్రాస్ ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఎముకల ఫ్లోరోసిస్ గురించి రాశారు. తర్వాత నల్గొండ పల్లెల్లో చూసిందీ అదే. మోతాదు పెరిగితే తీవ్రత పెరగడం, ముందువెనకల క్రమం, నీళ్లు మారిస్తే ఆగడం, శరీరంలో అది పనిచేసే తీరు తెలియడం, వేరువేరు దేశాల్లో ఒకే తీరు, ఇవన్నీ ఒకదానిమీద ఒకటి చేరాక ‘ఫ్లోరైడ్ వల్ల’ అన్న మాటకి సందేహం మిగల్లేదు. బ్రిటన్ గణాంక నిపుణుడు బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1965లో చెప్పిన తొమ్మిది కోణాలు ఇలా చూడటానికే. ఆయన వాటిని మార్కులేసి కూడే పరీక్షగా చెప్పలేదు. మీ ఒక్క స్టడీలో ఐదు కోణాలు కుదిరాయని పట్టిక వేసి కారణం తేల్చేయకండి.

మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, కంచిలి వైపు కిడ్నీ జబ్బుకి నీళ్లలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోవడం, నొప్పి మాత్రలు, ఇలా ఎన్నో అనుమానాలున్నాయి. ప్రతిదానికీ ఏదో ఒక సంబంధం దొరుకుతుంది. నొప్పి మాత్రలనే తీసుకోండి. కిడ్నీ పేషెంట్లు అవి ఎక్కువగా వాడినట్టు తేలితే, మాత్రలు కిడ్నీని దెబ్బతీసి ఉండవచ్చు, జబ్బుతో వచ్చిన నొప్పులకే మాత్రలు వేసుకుని ఉండవచ్చు, లేదా ఎండలో ఒళ్లు విరిచే పని రెండింటికీ మూలం కావచ్చు. నీటి విషయంలో ఇంకో కష్టం. ఒక ఊరంతా ఒకే నీళ్లు తాగితే ఊళ్లో ఎవరితో ఎవరిని పోల్చాలి? ఊరికీ ఊరికీ పోలిస్తే తిండి, పని, బంధుత్వాలు అన్నీ మారిపోతాయి. పైగా ఈరోజు తీసిన నీటి శాంపిల్, పదిహేనేళ్ల కిందట మొదలైన జబ్బు గురించి చెప్పేది తక్కువ. క్రియాటినిన్ ఒక్కసారే చూసి, మూడు నెలల తర్వాత మళ్లీ చూడకుండా దీర్ఘకాలిక జబ్బు అని లెక్కేస్తే అది మరో పొర. అక్కడి జనం జవాబు కోసం ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నారు. ప్రతి చిన్న సర్వేనీ ‘ఉద్దానం మిస్టరీ వీడింది’ అని రాయడం వాళ్లకి చేసే అన్యాయం. ఒక కారణం దొరికిందని నమ్మితే మిగతావి వెతకడం ఆగిపోతుంది, డబ్బు అటే పోతుంది.

మీ పేపర్‌కి వద్దాం. థీసిస్ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఏ మాటలు వెతికి తీయాలో చెబుతాను. ‘ఎఫెక్ట్’, ‘ఇంపాక్ట్’, ‘రోల్’, ‘ఇన్‌ఫ్లుయెన్స్’, ‘లీడ్స్ టు’, ‘రిడ్యూసెస్’, ‘ఇంప్రూవ్స్’, ‘డ్యూ టు’. వీటితోపాటు అమాయకంగా కనిపించేవి రెండు. ‘ప్రెడిక్టర్’ అంటే ముందే చూసి తర్వాత జరిగేది చెప్పడం, మీరు ముందు చూడలేదు. ‘విటమిన్ డి తగ్గేకొద్దీ హెచ్‌బీఏ1సీ పెరిగింది’ అనే వాక్యం కూడా తప్పే. ఎవరి విటమిన్ డీ తగ్గడం మీరు చూడలేదు. తక్కువ ఉన్న మనుషుల్ని, ఎక్కువ ఉన్న వేరే మనుషుల్ని పక్కపక్కన పెట్టారు. ‘తక్కువ ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉంది’ అనండి.

టైటిల్‌లో డిజైన్ పేరు ఉండాలి, అది స్ట్రోబ్ చెక్‌లిస్ట్‌లో (పరిశీలన పేపర్లలో ఏమేం రాయాలో చెప్పే జాబితా) మొదటి అంశం. ‘షుగర్ అదుపుపై విటమిన్ డి లోపం ప్రభావం’ అన్నదాన్ని ‘టైప్ 2 షుగర్ పేషెంట్లలో విటమిన్ డి స్థాయి, షుగర్ అదుపు: ఆసుపత్రిలో జరిపిన క్రాస్ సెక్షనల్ స్టడీ’ అని మార్చండి. ఆబ్జెక్టివ్ దగ్గర మాత్రం దాచుకోవద్దు. మీరు ఈ పని మొదలుపెట్టిందే విటమిన్ డి షుగర్‌ని మారుస్తుందేమో అన్న ఆలోచనతో. ఆ ప్రశ్న ఇంట్రడక్షన్‌లో సూటిగా అడిగి, ‘ఈ స్టడీ ఆ ప్రశ్నలో మొదటి మెట్టుని, అంటే సంబంధం ఉందా, ఎంత, తెలిసిన అంశాలకు అడ్జస్ట్ చేశాక ఎంత మిగులుతుంది అన్నదాన్ని చూస్తుంది’ అని రాయడం నిజాయితీ. కాజల్ ఆలోచనతో అడ్జస్ట్‌మెంట్ చేసి, ఆ ఆలోచనే లేనట్టు రాస్తే చదివేవాళ్లకి ఏ అంశాన్ని ఎందుకు పెట్టారో అర్థం కాదు.

కన్‌క్లూజన్ ఇలా ఉండవచ్చు: ‘ఒక బోధనాసుపత్రి ఓపీకి వచ్చిన టైప్ 2 షుగర్ పేషెంట్లలో, విటమిన్ డి 20 నానోగ్రాముల లోపు ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ 7 శాతం దాటినవాళ్ల శాతం ఎక్కువగా ఉంది. బీఎంఐ, వయసు, షుగర్ వచ్చిన కాలం, హిమోగ్లోబిన్, శాంపిల్ తీసిన నెలకు అడ్జస్ట్ చేశాక ప్రివలెన్స్ రేషియో ఇంత. రెండూ ఒకేసారి కొలిచినందున ఏది ముందో చెప్పలేం. మందులు క్రమం తప్పకుండా వాడటం, ఎండలో తిరిగే సమయం కొలవలేదు. షుగర్ అదుపు కోసం సప్లిమెంట్ ఇవ్వడాన్ని ఈ ఫలితాలు సమర్థించవు, వ్యతిరేకించవు.’ లోపం ఉన్నవాళ్లకి ఎముకల కోసం ఇచ్చేది ఎలాగూ ఇస్తారు, దానికి మీ స్టడీ అక్కర్లేదు. ‘ఇంకా పరిశోధన జరగాలి’ అని గాల్లో వదలకండి. ఎవరిలో, ఎంత మోతాదు, ఎన్ని నెలలు, ఏ ఫలితం అని నాలుగు ముక్కల్లో ఎలాంటి ట్రయల్ కావాలో రాయండి.

ఆసుపత్రి నుంచి పత్రికలకు తెలుగులో నోట్ వెళ్లేటట్టయితే అది కూడా మీరే రాసుకోండి. ‘వల్ల’, ‘తో ముప్పు’, ‘కారణమిదే’ మూడూ రాకుండా చూడండి. ‘1.4 రెట్లు’ అనడానికి బదులు ‘వందకి 70 మందిలో, వందకి 50 మందిలో’ అనండి. హెడ్‌లైన్ మీ చేతిలో ఉండదు కానీ మొదటి వాక్యం చాలాసార్లు ఉన్నదున్నట్టు అచ్చవుతుంది.

రివ్యూయర్‌కి జవాబు రాసేటప్పుడు ‘సవరించాం’ అని ఊరుకోకుండా పాత వాక్యం, కొత్త వాక్యం, పేజీ, లైన్ నంబర్ పక్కపక్కన పెట్టండి. సిఫార్సు తీసేసిన సంగతి వేరే పాయింట్‌గా చెప్పండి. హిమోగ్లోబిన్, నెల కలిపి కొత్తగా చేసిన ఎనాలిసిస్‌లో సంబంధం బలహీనపడి ఉంటే ఆ విలువని పాతదాని పక్కనే పట్టికలో చూపించండి. తగ్గిందని రిజెక్ట్ చేస్తారేమోనని చాలామంది భయపడతారు. రెండు విలువలూ పక్కపక్కన ఉన్న పట్టికే మీ పేపర్‌లో మిగతావాళ్లకి పనికొచ్చే భాగం.